పైగొంతు పక్క సీటు

మొన్న విజయనగరంలో గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాను. నెల రోజులుగా నా గొంతు ఇసకలో రంపం లాగినట్టు వస్తోంది. ఇంట్లోవాళ్లు ఆ నెలంతా పండగలా గడిపారు. నా నోరు మూతపడడం మా వీధి చరిత్రలో ఇదే మొదటిసారి కాబట్టి, ఎదురింటి కాకులు కూడా ఏదో అశుభం జరిగిందనుకుని రెండు రోజులు మా గోడ మీద వాలలేదు.

డాక్టరు మరీ చిన్నవాడు. మా ఇంట్లో ఆవకాయ జాడీకి అతనికన్నా వయసెక్కువ. నెత్తికి దీపం కట్టుకుని, "నోరు బాగా తెరిచి ఆ అనండమ్మా" అన్నాడు. అన్నాను. బయట కూర్చున్న రోగులు సగంమంది లేచిపోయి ఉంటారు.

"తెల్లగా ఏమైనా ఉందా బాబూ?"

"తెల్లగానా? ఏమీ లేదమ్మా. మాట తగ్గించండి, అదే మందు."

"కొండనాలుక పక్కన సరిగ్గా చూడు."

"లేదమ్మా. ఎందుకలా అడుగుతున్నారు?"

"కంఠసర్పి అనేవారు ఒకప్పుడు..."

"ఓ, డిఫ్తీరియానా! పుస్తకంలో బొమ్మ చూశానమ్మా. టీకాలొచ్చాక బాగా తగ్గిపోయింది. నేనైతే ఇంతవరకూ ఒక్క కేసూ చూడలేదు."

"నేను చూశాను" అన్నాను. "టార్చిలైటు పట్టుకున్నది నేనే."

అతను నవ్వి మందుచీటీ రాసిచ్చాడు. నేను చెప్పే మాటల్లో ముప్పాతిక వంతు గాలి ఉంటుందని మొహం చూడగానే కనిపెట్టేసినట్టున్నాడు. పొరపాటేమీ కాదు. కానీ టార్చిలైటు మాట గాలి కాదు.

మాది శ్రీకాకుళంలో అరసవల్లి పోయే దారిలో ఆడపిల్లల బడి. బడి అనడం మా గొప్ప. నాలుగు పెంకుటి గదులు, మధ్యలో ఒక కుళాయి. ఆ కుళాయికి నీళ్లు రావడమూ లెక్కల మేష్టారికి నవ్వు రావడమూ ఏడాదికోసారి, అదీ ఒకే రోజున. వానొస్తే గదుల్లో తడిసిన గోనెసంచి వాసన. ఎండొస్తే పక్కనున్న జీడిపప్పు బట్టీ వాసన. ఆ వాసన తగిలిందంటే ఆకలి లేనివాళ్లకి కూడా ఆకలేసేది, ఆకలి ఉన్నవాళ్లకి పిచ్చెక్కేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడికి పాటల టీచరు వచ్చింది. విజయనగరం మనిషి. విజయనగరంలో పుట్టినవాళ్లు ఏడ్చినా శ్రుతిలోనే ఏడుస్తారని ఆవిడ నమ్మకం. మేం నవ్వినా అపశ్రుతిలోనే నవ్వుతామని అంతకన్నా గట్టి నమ్మకం. ఆవిడ వెంట ఒక హార్మోనియం వచ్చింది. చెక్కపెట్టెలో పెట్టి మూత వేస్తే అది చిన్నసైజు ఏనుగు. నలుగురం నాలుగు మూలలా పట్టుకుని మోసేవాళ్లం. బరువుకి మా భుజాలు జారిపోయి, ఆ ఏడాది మా అందరికీ జాకెట్లు మళ్లీ కుట్టించాల్సి వచ్చింది.

విజయనగరంలో బడిపిల్లలకి బృందగానం పోటీ పెడుతున్నారనీ, గెలిచిన బృందం చేత రేడియోలో పాడిస్తారనీ కబురొచ్చింది. అంతే, టీచరుకి పూనకం వచ్చేసింది. పుట్టినూళ్లో, తనకి పాట చెప్పినవాళ్ల కళ్లముందు, శ్రీకాకుళం పిల్లల చేత పాడించి చూపించాలి. వంశధార మీద తనే ఒక పాట కట్టింది. పోటీకి బృందంలో పన్నెండుమంది ఉండాలి. మా బడిలో పాడగలిగినవాళ్లు పదకొండుమంది తేలారు. పన్నెండోదాన్ని నేను. నన్ను తీసుకోవడానికి కారణం నా ఎత్తు వెనక వరసకి సరిపోవడమే.

"నువ్వు పెదాలు కదుపు తల్లీ" అంది టీచరు. "గాలి మాత్రం బయటికి రానివ్వకు. నీకు దణ్ణం పెడతాను."

అలా నేను గాయనినయ్యాను. పాట అయ్యేసరికి పాడినవాళ్లెవరికీ రాని ఆయాసం నాకు వచ్చేది.

టీచరు మమ్మల్ని మూడుగా విడదీసింది. కింది గొంతు ఆరుగురం, నడిమి గొంతు ఐదుగురు, పైగొంతు ఒక్కతే. నది కొండల్లో పుట్టి, శ్రీముఖలింగం గుడి మెట్లు తడిపి, పొలాలన్నీ దాటి, మూడో చరణంలో సముద్రంలో కలుస్తుంది. అక్కడ పదిమంది 'ఊఁ' అని నేలబారుగా పట్టుకుంటే, నేను 'ఊఁ' అన్నట్టు మొహం పెడితే, ఆ ఒక్కతే పైకి పోయేది. ఎంత పైకంటే, ఒకసారి సాధన జరుగుతుండగా జీడిపప్పు బట్టీలో పనిచేసే ఆడవాళ్లందరూ మసి చేతులతో గోడ దగ్గరికి వచ్చి నిలబడిపోయారు. ఇది పెంచి చెప్పడం కాదు. వాళ్ల చేతుల అచ్చులు ఆ గోడ మీద చాలాకాలం ఉన్నాయి.

ఆ పిల్లని మేం పైగొంతు అనే పిలిచేవాళ్లం. ఎముకలకి చర్మం చుట్టినట్టుండేది. వాళ్లది సముద్రం ఒడ్డున పల్లె. తండ్రి గుజరాతు వైపు పడవల మీద వేటకి పోయి ఏడాదికోసారి వచ్చేవాడు. తల్లి పిల్లని చదివించాలని టౌనులో ఒక గది తీసుకుని, తెల్లారే బస్సులో ఒడ్డుకి పోయి చేపలు తెచ్చి, తట్ట నెత్తిన పెట్టుకుని మా వీధుల్లో అమ్మేది. మా వీధంతా ఆమెని అప్పా అనే, అంటే అక్కా అని, పిలిచేది. వారానికి ఆరు రోజులు తిరిగేది. ఆదివారం మాత్రం సెలవు. అది సూర్యనారాయణుడి వారం. ఆ రోజు మా వీధిలో చేప వాసన తగిలితే ఆయన ఏడు గుర్రాలూ మొహం తిప్పుకుని వెనక్కి పోతాయని మా మామ్మ ఉద్దేశం. ఆ ఒక్క పూటే తల్లీకూతుళ్లు పక్కపక్కన కూర్చునేది, తలలు దువ్వుకునేది.

"మనం గెలిస్తే రేడియోలో పాడిస్తారంట కదే" అనేది పైగొంతు నాతో. "మా యమ్మ తట్టెత్తుకుని తిరుగుతుంటే పెతీ ఇంట్లోనూ రేడియో మోగతాది. ఏదో ఇంటికాడ నా గొంతు ఇనిపించాల. బేరం మర్సిపోయి ఈదిలో నిలబడిపోవాల అది."

"అప్పుడు మా మామ్మ మంచి సేపలన్నీ ఏరీసుకుంటాది" అన్నాను నేను.

దాని కోరిక మొత్తం అంతే. మిగతా పదిమందికీ కప్పు కావాలి. నాకు విజయనగరం బస్సు ప్రయాణం, అక్కడ హోటల్లో పూరీ కావాలి. పూరీ గురించి అప్పటికి నెల రోజులుగా కలలు కంటున్నాను. ఒక కలలో అది మా ఊరి చెరువంత ఉంది.

గొంతులు కాపాడడానికి టీచరు మా చేత ఒక వ్రతం పట్టించింది. పెరుగు లేదు, చింతపండు లేదు, జామకాయ లేదు, చల్లనిది ఏదీ లేదు. పొద్దున్నే మిరియాలూ తాటికలకండా, రోజంతా బుగ్గన కరక్కాయ. రోజూ సాధనకి ముందు వరసగా నిలబెట్టి నోళ్లు వాసన చూసేది. పులుపు తగిలిందంటే, పోలీసు కుక్కకి కూడా ఆ పట్టు ఉండదు, ఏ ఇంటి పులుసో కూడా చెప్పేసేది. "తిన్నదాన్నీ తీసేస్తాను, తినిపించినదాన్నీ తీసేస్తాను" అని దేవుడి పటం ముందు ఒట్టు పెట్టుకుంది.

మా ఇంట్లో నాలుగు గేదెలు. పెరుగు వద్దన్న రోజున మా మామ్మ దిమ్మెరపోయింది. "పెరుగు తినద్దన్నాదా? ఆ మనిసికి పాడి నేదా ఏటి, పిచ్చా ఏటి? పెరుగు తినని గుంటపిల్లలకి గొంతు కాదు, పేనాలే ఉండవు" అంది. కరక్కాయ బుగ్గన పెట్టుకుని తిరిగే నా వాలకం చూసి, దవడ వాచిందని పసుపు పట్టు కూడా వేసింది.

పోటీ ఆదివారం. బుధవారం నాడు బడి గేటు దగ్గర ఐసు బండి గంట మోగింది. పాల ఐసు. అది మామూలు ఐసు కాదు. నాకు గుర్తున్నంతవరకూ మూరెడు పొడుగు, పైన కొబ్బరికోరు, పుల్ల చివర ఏలకు గింజ. నేను ఒకటి కొని గోడవారకి పైగొంతుని లాక్కుపోయాను.

"ఒద్దే బాబూ. గొంతు పోతాది."

"సగం తిను. సగం తింటే సగమే పాపం."

"టీచరు వాసన సూస్తాది."

"ఐసుకి వాసన ఏటుంటాదే ఎర్రిదానా. నీళ్లే కదా."

తిన్నది. కళ్లు మూసుకుని, పుల్లని కూడా వదలకుండా తిన్నది. నేను దాన్ని చూసి నవ్వాను.

గురువారం సాయంత్రం గొంతు నొప్పన్నది. శుక్రవారం టీచరు మిరియాలు రెట్టింపు చేసింది. శనివారం ఆఖరి సాధనలో మూడో చరణం దగ్గర అది పైకి పోబోయి సగంలో ఆగిపోయింది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ముద్దగా వచ్చింది పాట.

టీచరు హార్మోనియం ఆపింది. "ఇలా రా. నోరు తెరు. ఒసే పొడుగుదానా, నువ్వు ఊరికే నిలబడ్డావు కదా, ఈ టార్చి పట్టుకో."

పట్టుకున్నాను. గొంతులో రెండు పక్కలా తెల్లగా ఉంది.

"పెరుగు!" అని కేక పెట్టింది టీచరు. బట్టీలో ఆడవాళ్లకి కూడా వినపడి ఉంటుంది. "పెరుగు తిన్నావే! రేపు పోటీ పెట్టుకుని పెరుగు తిన్నావు!"

"నాను తిన్నేదండి టీచరుగారూ."

"తినకపోతే అదేమిటి, సున్నమా? నా కళ్లతో చూస్తున్నాను కదా!"

"అమ్మతోడండి. తిన్నేదండి."

మిగతా పదిమంది దానివైపు చూసిన చూపులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మా ఇళ్లల్లో ఉట్టి మీద గడ్డ పెరుగు పెట్టుకుని మేమంతా నోళ్లు కట్టుకున్నాం. ఇది తినేసింది.

నేను టార్చి పట్టుకుని చూస్తూనే ఉన్నాను. పెరుగైతే జారుతుంది. అది జారడం లేదు. పాత గోడకి సున్నం పెచ్చులా అంటుకుని ఉంది, అంచులు కాస్త బూడిద రంగు. పెరుగు కాదని నాకు తెలిసిపోయింది. బుధవారం నాటి పాల ఐసు అక్కడ అతుక్కుపోయిందని తేల్చుకున్నాను. అంటే ఆ గదిలో ఆ తెలుపు ఏమిటో తెలుసుననుకున్నవాళ్లం ఇద్దరం. ఆవిడకి తప్పు తెలుసు, నాకు ఇంకో తప్పు తెలుసు. గొంతు అంటే పాట అనే మా బృందానికి, గొంతుకి రోగం వస్తుందన్న ఊహే లేదు.

చెప్పేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఐసు అని తెలిస్తే టీచరు డాక్టరు దగ్గరికి పంపేదా, ఇంకో గుప్పెడు మిరియాలు పోసేదా? అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. పైగొంతుని తీసెయ్యలేరు. తినిపించిన పొడుగుదాన్ని తీసెయ్యడానికి ఎవరికీ ఏ నొప్పీ లేదు. పెదాలు కదపడానికి బడినిండా పిల్లలున్నారు. నా పూరీ పోతుంది.

కుళాయి వెనక్కి తీసుకుపోయి, "నోరు తెరు, నాను గీకీస్తాను" అన్నాను. నాలుక గీసుకునే తాటాకు బద్ద తెచ్చాను.

"మెల్లగానే."

గీకాను. ఊడలేదు. ఇంకాస్త గట్టిగా గీకితే రక్తం వచ్చింది. అది నా చెయ్యి పట్టుకుని గిజగిజలాడిపోయింది.

"ఒద్దే. కారం పోసినట్టున్నాది."

"ఐసు సంగతి టీచరుకి సెప్పకే. సెప్తే నన్ను తీసేస్తాది."

నోట్లో నెత్తురు ఉమ్మేసి నీళ్లు పుక్కిలించింది. "సెప్పనే" అంది.

ఆదివారం పొద్దున్నే బస్సు దగ్గరికి అప్ప కూతుర్ని తీసుకొచ్చింది. తలంటి, రెండు జడలు బిగించి, కనకాంబరాలు పెట్టింది. "ఒల్లు కొంచెం ఎచ్చగున్నాది టీచరుగారూ" అంది భయంభయంగా. "నిన్న రాతిరి గంజి కూడా దిగనేదు."

టీచరు దాని నుదురు ముట్టుకుంది. "వేదిక భయం. నాకూ వచ్చేది. పాడాక దిగిపోతుంది."

"మెడ కూడా లావయినట్టున్నాదండి."

"బాగా సాధన చేసిన పిల్లకి మెడ కండ పడుతుందమ్మా. మంచిదే."

ఆవిడ అబద్ధమాడలేదు. నిజంగానే అలా అనుకుంది. తన తువ్వాలు తీసి ఆ మెడకి చుట్టింది, గాలి తగలకుండా. అప్ప చేతులు జోడించింది. తనకున్న ఒక్క ఆదివారాన్నీ మా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

విజయనగరంలో పోటీ జరిగిన హాలు నేను చెప్పే లెక్కన ఆకాశమంత ఉంటుంది. నిజానికి మా బడికన్నా నాలుగింతలు ఉంటుందేమో. ముందు వరసలో టీచరుకి పాట నేర్పిన ముసలాయన కూర్చున్నాడు. ఆయన్ని చూసి టీచరు హార్మోనియాన్ని కొంగుతో ఒకటికి రెండుసార్లు తుడిచింది. మేం నదిని కొండల్లో పుట్టించాం. గుడి దాటించాం. పొలాలు దాటించాం. మూడో చరణం వచ్చింది. పదిమంది 'ఊఁ' పట్టారు.

పైగొంతు పైకి లేచింది. ఒక్క క్షణం నిజంగానే లేచింది. ఆ తర్వాత పాతగుడ్డ చింపినట్టు ఒక చప్పుడు. అంతే. నోరు తెరిచే ఉంది, పాట లేదు. పదిమంది 'ఊఁ' పట్టుకునే ఉన్నారు, అది మళ్లీ అందుకుంటుందని. టీచరు హార్మోనియం మీద అదే చోట మళ్లీ మళ్లీ తిప్పింది. మా నది సముద్రం ఒడ్డుదాకా వచ్చి అక్కడే మడుగు కట్టేసింది.

మాకు పాల్గొన్నందుకు తలా ఒక స్టీలు సబ్బుపెట్టె ఇచ్చారు. టీచరు ముసలాయన దగ్గరికి వెళ్లకుండా పక్క గుమ్మంలోంచి బయటికి వచ్చేసింది. హోటల్లో పూరీ పెట్టించింది. తిన్నాను. ఎన్ని తిన్నానో చెప్పను. పైగొంతు నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి. పిల్లలు మొహాలు తిప్పుకున్నారు.

తిరుగు బస్సు ఎక్కాం. సీట్లు చాలానే ఖాళీ ఉన్నాయి. పైగొంతు నోటినుంచి ఒక వాసన వస్తోంది, తియ్యగా, కుళ్లినట్టు. వెనక వరస నుంచి ముందుకి అందరూ ముక్కులు మూసుకున్నారు. అందరి మొహాలూ ఏడుపు మొహాలే. నవ్వించడం నా పని కదా. నేనన్నాను:

"పెరుగు కాదర్రా. ఎండుసేప నిలువునా మింగీసింది. గొంతులో అడ్డంగా ఉండిపోనాది. అందుకే పాటా దిగనేదు, కంపూ దిగనేదు."

బస్సంతా పగలబడి నవ్వింది. ఆ రోజంతటికీ మేం నవ్విన నవ్వు అదొక్కటే. ఒక పిల్ల నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. టీచరు కూడా కిటికీవైపు తిరిగి పెదవి కొరుక్కుంది. ఆ తర్వాత దాని పక్కన కూర్చోవడానికి ఎవరూ పోలేదు. నలుగురు కలిసి హార్మోనియం పెట్టెని తెచ్చి దాని పక్క సీట్లో పెట్టారు.

బస్సు కదిలాక అది ఒకసారి తల తిప్పి నన్ను చూసింది. కోపంగా కాదు. రెండు చేతులతో పెట్టెని ముందుకి నెట్టింది. నలుగురు మోసే పెట్టె. జరిగిందంటే జరిగింది, జానెడు. మళ్లీ నెట్టింది. ఒక మనిషి ఒదిగి కూర్చునేంత చోటు చేసింది. చేసి, నావైపు చూసింది.

నేను కిటికీలోంచి జీడిమామిడి తోటలు చూశాను. రెండు గంటలు చూశాను. ఆ దారిలో ఎన్ని చెట్లున్నాయో ఇప్పుడైనా చెప్పగలను.

సోమవారం అది బడికి రాలేదు. అలిగిందన్నారు. మంగళవారం ఊపిరి ఆడడం లేదని తల్లి రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయింది. బుధవారం మధ్యాహ్నం లెక్కల క్లాసులో ఉండగా బంట్రోతు వచ్చి మేష్టారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన సుద్దముక్క కింద పెట్టి బయటికి పోయాడు.

గురువారం ఆసుపత్రి నుంచి డాక్టరూ, ఇద్దరు నర్సులూ వచ్చారు. మా పదకొండుమందినీ, టీచరునీ వరసగా నిలబెట్టారు, సాధనలో నిలబడినట్టే. "ఆ అనండి" అన్నారు. అన్నాం. కుళాయి గట్టు మీద సూదులు మరిగించారు. గొంతులో అలా తెల్ల పొర పెరిగి ఊపిరికి అడ్డం పడుతుందనీ, గుండెకి కూడా విషం ఎక్కుతుందనీ, రెండు రోజులు ముందు తెచ్చి ఉంటే మందుందనీ డాక్టరు చెప్పాడు.

"పెరుగు కాదాండీ?" అంది టీచరు.

"పెరుగేమిటమ్మా?"

"తెల్లగా ఉంటేనూ... పెరుగు కాదా?"

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ మూడోసారి కూడా అడిగింది. ఆ వారంలోనే బడి వదిలి వెళ్లిపోయింది. హార్మోనియం తీసుకెళ్లలేదు. మా బడిలో మళ్లీ ఎవరూ బృందం అనే మాట ఎత్తలేదు. ఐసు తింటే ఆ రోగం రాదని నాకు చాలా ఏళ్లు తెలియదు. తెలిశాక కూడా పెద్దగా తేడా ఏమీ కనిపించలేదు. బస్సులో ఆ పక్క చోటు అలాగే ఉంది.

రెండు నెలల తర్వాత ఒక సోమవారం అప్ప మళ్లీ తట్ట ఎత్తుకుని వచ్చింది. వీధిలో కేక వెయ్యలేదు. గుమ్మం ముందు నిలబడింది. మామ్మ, "దించే, నెత్తళ్లున్నాయేటి?" అంది. మామ్మ గిన్నెకోసం లోపలికి పోయింది. నేను అరుగు మీద ఉన్నాను.

"అమ్మా, నువ్వూ ఆ బస్సులో ఉన్నావు కదా" అంది అప్ప. "తిరిగొచ్చినప్పుడు నా పిల్ల పక్కన ఎవులు కూకున్నారమ్మా?"

ఆమె చేతులు వేలెడంత నెత్తళ్ల చేపల్ని కుప్పలు పెడుతున్నాయి. ఆమె తల ఎత్తలేదు.

"నానే కూకున్నానప్పా" అన్నాను.

చేతులు ఆగాయి. "ఏటి మాటాడినాది?"

నాకు వచ్చిన విద్య ఒక్కటే. మొదలుపెట్టాను. నా ఒళ్లో తల పెట్టుకుందన్నాను. రేడియో గురించి చెప్పిందన్నాను. నాగావళి వంతెన మీదకి వచ్చేసరికి లేచి నీళ్లు చూసి నవ్విందన్నాను. అప్ప విని, రెండు గుప్పిళ్లు నెత్తళ్లు ఎక్కువ వేసి వెళ్లిపోయింది. మామ్మ సంబరపడిపోయింది. ఆ పూట కూర నాకు గొంతు దిగలేదని చెప్తే బాగుంటుంది. దిగింది. పిల్లలకి దిగుతుంది.

పై వారం మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. ఈసారి ఇద్దరం మెల్లగా పాట పాడుకున్నామన్నాను. ఇంకో వారం దానికి నా సబ్బుపెట్టె కూడా ఇచ్చేశానన్నాను. ఎప్పుడో ఒకసారి దాని జడలో కనకాంబరాలు వాడిపోతే నా పూలు తీసి పెట్టానన్నాను. విజయనగరం నుంచి శ్రీకాకుళానికి బస్సులో రెండు గంటలు. నేను నడిపిన బస్సు ఐదేళ్లు నడిచింది. అప్ప ఎప్పుడూ మధ్యలో ఆపలేదు. నిన్న అలా చెప్పావు, ఇవాళ ఇలా చెప్తున్నావేమని అనలేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుని వినేది. చేపల మీద ఈగలు వాలేవి.

నన్ను కాలేజీ చదువుకి వేరే ఊరు పంపుతున్నారని తెలిసిన వారం అప్ప వచ్చింది. తట్టలో ఏమీ లేదు. తనూ పల్లెకి పోతోందట, మొగుడు గుజరాతు మానేసి వచ్చేశాడట. టౌను గది ఖాళీ చేసేసిందట. చెప్పి వెళ్దామని వచ్చింది.

"ఆ ఆదోరం బస్సు ఇంకోపాలి సెప్పమ్మా" అంది.

చెప్పాను. అప్పటికి నాకు పదిహేడేళ్లు నిండాయి. మాటలు నోట్లోంచి దొర్లుకుంటూ వచ్చేవి. ఆ రోజు ఎందుకో ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చింది. నాగావళి దాకా రాకముందే ఆగిపోయాను.

అప్ప కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు కూకోనేదని నాకు తెలుసమ్మా" అంది. "ఆ సాయింత్రం పిల్ల ఇంటికొచ్చి సెప్పినాది. ఎవులూ కూకోనేదమ్మా, పెట్టె పెట్టీసినారు అన్నాది. ఎండుసేప మాట కూడా సెప్పినాది."

నాకు అరుగు కింద నేల కనిపించలేదు.

"మరి... మరెందుకప్పా నన్ను ఇన్నేళ్లూ అడిగినావు?"

"నువ్వు సెప్తా ఉంటే కూకున్నట్టే ఉండేది."

వీధిలో ఎవరింట్లోనో రేడియోలో ధరలు చదువుతున్నారు. అప్ప లేచి చీర దులుపుకుంది.

"ఐసు సంగతి కూడా సెప్పినాది" అంది. "నీకు సెప్పొద్దన్నాది, నువ్వు బయపడతావని. సానా తియ్యగున్నాదంట."

తట్ట దగ్గరికి వెళ్లి వంగింది. "ఓ సెయ్యి ఎయ్యమ్మా" అంది, రోజూ ఏ ఇంటి దగ్గరైనా అనే మాటే, నిండు తట్ట నెత్తికెత్తుకునేటప్పుడు. ఖాళీ తట్టకి రెండో మనిషి ఎందుకో నేను అడగలేదు. అరుగు దిగాను. ఆమె ఒక పక్క పట్టుకుంది, నేను ఒక పక్క పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఎత్తాం.